గని మూశాక మిగిలిన బాధ్యత ఎవరి పద్దు? రొమేనియా జియు లోయ నుంచి ఒక కేస్ స్టడీ

రిఫరల్ పత్రంలో ఉన్నవి నాలుగైదు వాక్యాలే. ఏడో తరగతి అబ్బాయి, వయసు పదమూడు. నవంబరు నుంచి వారంలో రెండు రోజులకు మించి బడికి రావడం లేదు. తల్లి ఇటలీలో ఉంది, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు, పిల్లవాడు నానమ్మ దగ్గర ఉంటున్నాడు. ఈ కుటుంబానికి అందవలసిన సాయం ఏదైనా ఉందేమో విచారించగలరు. బడి కౌన్సెలర్ రాసిన ఆ కాగితం పట్టణ పురపాలక సంఘంలోని సామాజిక సహాయ విభాగానికి వెళ్లింది. ఆ విభాగంతో కలిసి పనిచేస్తున్న మా స్వచ్ఛంద సంస్థకు ఒక ప్రతి వచ్చింది. స్థలం రొమేనియాలోని హునెదోర జిల్లా, జియు లోయ. కాలం 2016-17 చలికాలం.

కుటుంబం ఆనవాలు తెలియకుండా వివరాలు మార్చాను. అలాంటి మరికొన్ని కుటుంబాల సంగతులు ఇందులో కలిపాను. పట్టణం పేరు కూడా చెప్పను. చట్టాలు, మొత్తాలు, సంవత్సరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

రిఫరల్‌లోని చివరి వాక్యం నన్ను ఆపింది. పిల్లవాడు బడికి రావడం లేదు, అడిగిన ప్రశ్న మాత్రం సాయం గురించి. కౌన్సెలర్‌ను తప్పుపట్టలేను. ఆ లోయలో సామాజిక కార్యకర్త అంటే డబ్బు దరఖాస్తును పరిశీలించే మనిషి. అలా ఎందుకయిందో తెలియకుండా ఈ కేసు అర్థం కాదు.

గనే ప్రభుత్వం

జియు లోయలో పెట్రొషాని, లుపేని, వుల్కాన్, పెట్రిల, ఉరికాని, అనినోస అని ఆరు పట్టణాలు వరుసగా ఉంటాయి. అన్నిటికీ ఆధారం నల్ల బొగ్గు. సోషలిస్టు కాలంలో గని జీతం ఇచ్చి ఊరుకునేది కాదు. ఫ్లాటు దానిదే, క్యాంటీను దానిదే, పిల్లల కిండర్‌గార్టెను, వైద్యుడు, సెలవుల్లో నల్ల సముద్రం ఒడ్డుకు వెళ్లే టికెట్టు అన్నీ దాని ద్వారానే. ఆ రోజులను పొగుడుతున్నానని అనుకోవద్దు. 1977 ఆగస్టులో లుపేనిలో వేల మంది గని కార్మికులు సమ్మెకు దిగి, దేశాధినేత చౌషెస్కునే అక్కడికి రప్పించారు. ఆ తరువాత నాయకులను లోయ నుంచి చెదరగొట్టారు. ఇచ్చే చెయ్యే అణిచేది కూడా. అయితే కష్టం వస్తే ఏ తలుపు తట్టాలో అప్పట్లో అందరికీ తెలుసు.

సామాజిక సేవ అనే వృత్తి మాత్రం అప్పుడు లేదు. బుకారెస్టులో 1929లోనే ఉన్నత స్థాయి సామాజిక సేవా పాఠశాల మొదలైంది. 1952లో దాని స్థాయి తగ్గించారు, 1969లో ఆ శిక్షణనే ఎత్తేశారు. సోషలిజంలో సామాజిక సమస్యలు ఉండవు కనుక వాటిని చూసే మనిషి అక్కర్లేదన్నది లెక్క. విశ్వవిద్యాలయాల్లో ఆ చదువు మళ్లీ మొదలైంది 1990లో. అంటే ఉద్యోగాలు పోవడం మొదలైన సమయానికి, ఆ కుటుంబాల దగ్గరకు వెళ్లగల శిక్షణ ఉన్న తరం ఇంకా కళాశాలలోనే ఉంది.

1997లో గనుల నుంచి తమంతట తాము తప్పుకునే వారికి పరిహారం ఇస్తూ ప్రభుత్వం 22వ నంబరు ఆర్డినెన్సు తెచ్చింది. సర్వీసును బట్టి 12 నుంచి 20 నెలల జీతం. కొద్ది నెలల్లోనే లోయలో పదిహేను వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. అదే ఏడాది రొమేనియాలో ధరలు సగటున 150 శాతానికి పైగా పెరిగాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ డబ్బు ఏమయిందో వేరే చెప్పనక్కర్లేదు.

నేను పుట్టి పెరిగింది బెల్లంపల్లి వైపు. సింగరేణిలో గోల్డెన్ హ్యాండ్‌షేక్ తీసుకున్నవాళ్లను, మూతపడిన భూగర్భ గనుల పక్కన ఖాళీ అయిన క్వార్టర్లను చూశాను. అందుకే లోయలో చాలా సంగతులు తెలిసినట్టే అనిపించేవి. ఒక్క తేడాను మాత్రం మరచిపోకూడదు. సింగరేణి కుదించుకున్నా కంపెనీగా నిలిచింది, దాని ఆస్పత్రి నిలిచింది, చుట్టూ వేరే బతుకుతెరువు కొంతైనా ఉంది. లోయలో గని తరువాత వచ్చింది వలసే.

ఇంట్లో

నాలుగో అంతస్తు, రెండు గదుల ఫ్లాటు. ఆ జనవరిలో దేశమంతా గడ్డకట్టింది. బకాయిల వల్ల, ఇంటిని వెచ్చగా ఉంచే వేడి నీటి గొట్టాల కనెక్షన్ తీసేశారు. ఒక గది తలుపు మూసేసి, రెండో గదిలో విద్యుత్ హీటరు పెట్టుకుని నానమ్మ, మనవడు అందులోనే ఉంటున్నారు. ఆమె వయసు డెబ్బై దాటింది. గని కార్మికుడి వితంతువు. భర్త ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి పేరుకుని చనిపోయాడు. ఆయన పేరిట వచ్చే పింఛనులో సగం మందులకు పోతుంది.

కుర్చీ చూపించి ఆమె అన్న మొదటి మాట ఇది: "మా ఆయన పోయాక గనివాళ్లు వచ్చి ఇంట్లో బొగ్గు ఉందా అమ్మా అని అడిగేవాళ్లు. మీరు వచ్చి కాగితాలున్నాయా అని అడుగుతారు. అడగండి, ఉన్నాయి."

నిజంగానే ఉన్నాయి, ప్లాస్టిక్ సంచిలో వరుసగా.

నాతో వచ్చిన పురపాలక సంఘం సహోద్యోగి సామాజిక విచారణ పత్రం తీసింది. అందులో అడిగేవి ఇంట్లో ఎందరున్నారు, ఆదాయం ఎంత, భూమి, పశువులు, కారు, మరో ఇల్లు ఉన్నాయా అన్నవి. 2001 నాటి 416వ చట్టం కింద అప్పట్లో ఇచ్చిన కనీస హామీ ఆదాయానికి ఈ పత్రమే ఆధారం. ఒంటరి మనిషికి ఆ మొత్తం రొమేనియా డబ్బులో నెలకు 142 లేయీలు, ఇద్దరున్న ఇంటికి 255. ఆదాయం అంతకు తక్కువైతే తేడా ఇచ్చేవారు, ఎక్కువైతే ఏమీ ఇచ్చేవారు కాదు. నానమ్మ పింఛను ఆ గీతకు పైనే. అబ్బాయికి అప్పటికే వస్తున్న పిల్లల భత్యం 84 లేయీలు. కాబట్టి రిఫరల్‌లోని ప్రశ్నకు జవాబు ఆ పూటే దొరికింది: అర్హత లేదు. పత్రం ప్రకారం ఫైలు అక్కడితో మూసేయవచ్చు.

ఆ 142 గురించి ఒక మాట చెప్పాలి. 2014లో నిర్ణయించిన ఆ అంకె 2022 దాకా కదలలేదు. అదే కాలంలో స్థూల కనీస వేతనం 2014 మొదట్లో 850 లేయీల నుంచి 2022లో 2,550కి చేరింది. సాయాన్ని ఎవరూ రద్దు చేయలేదు. దానిని ముట్టుకోకుండా వదిలేశారు, అంతే. జీతాలు పెరిగే కొద్దీ గీత కింద మిగిలేవాళ్లు తగ్గారు, ఆ తగ్గుదలను పేదరికం తగ్గినట్టు చదువుకునే వీలు కలిగింది. సహోద్యోగి చదివింది అకౌంటెన్సీ. లెక్క చేసేటప్పుడు ఆమె పెన్ను ఎక్కడా ఆగలేదు. అబ్బాయితో ఏం మాట్లాడాలో తెలియక కిటికీ వైపు చూసింది. ఆమె బల్ల మీద ఉన్న ఫైళ్లకు కనీసం ముగ్గురు కావాలి. 2010 జులైలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు 25 శాతం కోసేశారు. అంతకు ముందు నుంచే ఏడుగురు వెళ్తే ఒక్కరినే తీసుకోవాలన్న నిబంధన ఉండేది. వెళ్లిపోయినవారి కుర్చీలు చాలా వరకు నిండలేదు.

బడి సమయంలో అబ్బాయి ఎక్కడుంటున్నాడు

ఈ విషయం నానమ్మకు తెలియదు. బడికే వెళ్తున్నాడని, సాయంత్రాలు సంతలో సరుకు దించుతున్నాడని అనుకుంటోంది. అబ్బాయి మాతో మాట్లాడటానికి కొన్ని వారాలు పట్టింది. చివరికి చెప్పింది ఆ అపార్ట్‌మెంటు యజమానుల సంఘం అధ్యక్షుడి దగ్గర. ఆయన రిటైరైన గని ఎలక్ట్రీషియన్. మెట్లదారిలో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి బకాయి ఎంతో ఆయనకు నోటికి వచ్చు. మా పత్రంలో ఇలాంటి మనిషికి గడి లేదు. ఈ కేసులో అందరికన్నా ఎక్కువ పని చేసింది ఆయనే.

అబ్బాయి పెద్ద కుర్రాళ్లు ఇద్దరితో కలిసి మూతపడిన గని ఆవరణలో తుక్కు ఏరుతున్నాడు. పట్టాల ముక్కలు, ఇనుప దిమ్మెలు, అన్నిటికన్నా విలువైనవి కేబుళ్లు. పైతొడుగు కాల్చి రాగి తీసి, కాటా దగ్గర అమ్ముతారు. ఆ డబ్బులో కొంత రొట్టె, పాలకు ఇచ్చేవాడు. కొంత డబ్బాలో దాచేవాడు, గొట్టాల కనెక్షన్ తిరిగి పెట్టించాలని. ఎంత బాకీ ఉందో అధ్యక్షుడిని అడిగితే ఆయనకు అనుమానం వచ్చింది. "నీకెందుకురా ఆ లెక్క?" అని అడిగాడట. అప్పుడు బయటపడింది.

బడి రికార్డులో అతను గైరుహాజరు విద్యార్థి. పోలీసుకు చిక్కితే దొంగ. నా అంచనాలో అతను ఇంటి బాధ్యత మోస్తున్న మనిషి, ప్రమాదకరమైన చోట పని చేస్తున్న పిల్లవాడు. ఈ చివరి రెండూ కలిపి చూడకపోతే ప్రణాళిక తప్పుదారి పడుతుంది. ఆ పని మానిపించి, ఇంట్లో తగ్గిన రొట్టె గురించి ఆలోచించకపోతే వారంలో మళ్లీ అక్కడే ఉంటాడు.

తల్లిదండ్రులు

తండ్రి 1997లో ఇరవై రెండేళ్ల గని కార్మికుడు. పరిహారం తీసుకుని పాత డాసియా కారు కొని టాక్సీ నడిపాడు. డబ్బు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఇదే ఆలోచన రావడంతో టాక్సీలు ఎక్కువై, ఎక్కేవాళ్లు కరువయ్యారు. 2002లో షెంగెన్ దేశాలకు (తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసిన ఐరోపా దేశాలకు) వీసా అక్కర్లేకుండా పోయాక స్పెయిన్‌లో ఇళ్ల నిర్మాణంలో చేరాడు. 2008 సంక్షోభంలో ఆ పనీ పోయింది. ఆ తరువాత జర్మనీలో ఆస్పరాగస్ కోతలకు, పళ్ల కోతలకు వెళ్లి వస్తున్నాడు. 'ఎక్కడున్నాడో తెలియదు' అని రిఫరల్‌లో రాసినది పూర్తిగా నిజం కాదు. అతని కొత్త నంబరు నానమ్మ దగ్గర ఉంది, బడివాళ్లు ఆమెను అడగలేదు.

తల్లి లోయలోనే ఒక కుట్టు వర్క్‌షాపులో పనిచేసేది. ఇటలీ బ్రాండ్లకు ఇక్కడ కుట్టి పంపే పని, కనీస వేతనం. 2016 మే నుంచి స్థూల కనీస వేతనం 1,250 లేయీలు. చేతికి వచ్చేది 200 యూరోలకు కాస్త అటూ ఇటూ. ఇటలీలో ఒక ముసలామె ఇంట్లోనే ఉండి చూసుకుంటే దానికి ఎన్నో రెట్లు. ఆమె డబ్బు పంపేది మినీబస్సు డ్రైవరు చేతికి ఇచ్చి, పార్సిల్ సంచులతో పాటు. ఒక నెల 100 యూరోలు, ఒక నెల ఏమీ లేదు. కువైట్‌లో ఇళ్ల పనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల తల్లుల పిల్లలతో పనిచేసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు.

చట్టం ప్రకారం విదేశానికి పనికి వెళ్లే తల్లి లేదా తండ్రి కనీసం 40 రోజుల ముందు సామాజిక సహాయ విభాగానికి తెలియజేసి, పిల్లవాడిని చూసుకునే వ్యక్తి పేరు చెప్పాలి. ఆ వ్యక్తికి తాత్కాలిక అధికారాన్ని న్యాయస్థానం ఇస్తుంది. 2004 నాటి 272వ పిల్లల హక్కుల చట్టాన్ని 2013లో సవరించినప్పుడు ఈ నియమాలు గట్టిపడ్డాయి. తల్లి ఏమీ తెలియజేయలేదు. ఫోనులో కారణం అడిగితే సూటిగా చెప్పింది: "వెళ్లానని రాసిస్తే పిల్లవాడిని మీరు తీసుకుపోతారు."

ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. 1966లో గర్భస్రావాన్ని నిషేధిస్తూ 770వ డిక్రీ తెచ్చిన ప్రభుత్వం, తల్లిదండ్రులు పెంచలేని పిల్లలను తానే పెంచుతానంది. 1990లో తలుపులు తెరిచి చూస్తే సుమారు లక్ష మంది పిల్లలు సంస్థల్లో ఉన్నారు. ఆ చిత్రాలు ప్రపంచమంతా చూసింది. 2004 చట్టం రెండేళ్లలోపు పిల్లలను సంస్థల్లో పెట్టకూడదంది, తరువాత ఆ వయసును పెంచారు కూడా. అయినా 'పిల్లల రక్షణ' అన్న మాట ఈ తల్లికి చిన్నప్పుడు తన వీధి చివర చూసిన భవనాన్నే గుర్తుచేస్తుంది. పైగా చట్టం చేతిలో ఉన్న మనిషి డబ్బు తనిఖీ చేసే మనిషి కూడా. తల్లి ఆదాయం దాచిందని పట్టుకునేదీ ఆ ఉద్యోగే, పిల్లవాడి గురించి నిజం చెప్పమని అడిగేదీ ఆ ఉద్యోగే. ఒకే ఉద్యోగికి ఈ రెండు పనులూ కట్టబెట్టడమే ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం. నమ్మకం మీద నడవాల్సిన పనిని తనిఖీ తినేస్తుంది.

చేసిన పని

మొదట ఆ రెండింటినీ విడదీశాం. డబ్బు లెక్క పురపాలక సంఘం చూస్తుంది, తల్లితో మాట్లాడేది మేమే అని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాం. ఆమె పంపే డబ్బు గురించి నేను అడగలేదు. అడగనని ముందే చెప్పాను. ఈస్టరుకు వచ్చినప్పుడు ఆమె తనంతట తానే కార్యాలయానికి వచ్చింది. నానమ్మకు తాత్కాలిక అధికారం కోసం దరఖాస్తు పెట్టించి, న్యాయస్థానానికి తోడు వెళ్లాం. దీనివల్ల ఆస్పత్రిలోనూ బడిలోనూ నానమ్మ సంతకం చెల్లుతుంది. అంతకు ముందు అబ్బాయికి పన్ను పీకించడానికి కూడా ఎవరు సంతకం పెట్టాలో తెలియని స్థితి.

తుక్కు పని విషయంలో మా సంస్థ అత్యవసర నిధి నుంచి ఇంటికి నెలనెలా ఆహార సరుకులు ఏర్పాటు చేశాం. బకాయిని వాయిదాలు చేయడానికి అధ్యక్షుడు తన సంఘాన్ని ఒప్పించాడు. వేడి సరఫరా సంస్థ ఒప్పుకోలేదు. పూర్తి మొత్తం కడితేనే గొట్టాలు కలుపుతామంది. కిటికీ సందులు మూయించాం, మంచి హీటరు ఇచ్చాం. ఆ చలికాలం అలాగే గడిచింది. అధ్యక్షుడు అబ్బాయిని మధ్యాహ్నాలు తన గ్యారేజీకి పిలిచి మోటార్లు విప్పడం, తీగలు చుట్టడం నేర్పాడు. రాగి విలువ అబ్బాయికి ఎలాగూ తెలుసు, అది తీగగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో ఆయన చూపించాడు. మరమ్మతు పని దొరికితే అబ్బాయికి కొంత ఇచ్చేవాడు.

చదువు, భోజనం ఉండే డే సెంటరులోనూ చేర్పించాం. ఫిబ్రవరి చివరికల్లా హాజరు వారానికి నాలుగు రోజులకు పెరిగింది. జూన్‌లో అతని ఏడో తరగతి గట్టెక్కింది. ఆ డే సెంటరు యూరోపియన్ యూనియన్ నిధితో నడిచే ప్రాజెక్టు. గడువు ముగిశాక పురపాలక సంఘం నడపాలని ఒప్పందంలో ఉంది. సంఘం దగ్గర డబ్బు లేదు. లోయలో పట్టణాల పన్నుల ఆదాయానికి గనులే ఆధారం. సేవల బాధ్యత స్థానిక సంస్థలకు బదిలీ అవుతుండగానే ఆ ఆధారం కూలిపోయింది. 1995లో వచ్చిన తొలి సామాజిక సాయం చట్టానికీ ఇదే గతి పట్టింది. చెల్లించే భారం స్థానిక బడ్జెట్ల మీద పెట్టడంతో కొన్నేళ్లకే దేశంలో చాలా పురపాలక సంఘాలు చేతులెత్తేశాయి. 2011 నుంచి కనీస ఆదాయాన్ని కేంద్ర బడ్జెట్ చెల్లిస్తోంది. అంటే డబ్బు సాయానికి హామీ దొరికింది, మనిషి చేసే సేవకు దొరకలేదు. 2013లో అనినోస పట్టణం దివాలా ప్రకటించింది. దేశంలో అలా ప్రకటించిన మొదటి పట్టణం అదే. మా డే సెంటరు గడువు తీరిన నెలలోనే మూతపడింది.

ఫలితం

అబ్బాయి ఎనిమిదో తరగతి పూర్తిచేసి పరీక్ష రాశాడు. మార్కులు సాధారణమే. ఎలక్ట్రికల్ వృత్తి కోర్సులో సీటు వచ్చింది. చేరాడు. మరుసటి వేసవిలో తల్లి దగ్గరకు ఇటలీ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. మా నమోదులో కేసును 'నివాసం మారడం వల్ల ముగింపు' అని మూసేశాం. ఆ గడి విజయాల కిందకు రాదు, వైఫల్యాల కిందకూ రాదు. అతను తుక్కు ఆవరణలో లేడు, తల్లి దగ్గర ఉన్నాడు, చేతిలో కాస్త పని ఉంది. నా లెక్కలో మంచి ఫలితమే. లోయ వైపు నుంచి చూసేవారి లెక్క వేరు. పెట్రొషాని జనాభా 2011 గణనలో 37 వేలు, 2021లో 31 వేలు. మేము బాగా పనిచేసిన పిల్లలే ముందుగా వెళ్లిపోతారని ఒక సహోద్యోగి అనేది. ఆమె సరదాకే అన్నా, మా నివేదికల్లో రాయని నిజం అదే.

ఇప్పుడు లోయకు మరో విడత డబ్బు వస్తోంది. రొమేనియా 2032 నాటికి బొగ్గు విద్యుత్తును వదులుతానంది. యూరోపియన్ యూనియన్ 'న్యాయమైన పరివర్తన నిధి' పొందే ఆరు జిల్లాల్లో హునెదోర ఒకటి. ప్రణాళికల్లో వ్యాపారాలు, నైపుణ్య శిక్షణ, సౌరశక్తి ఉన్నాయి. 1997లోనూ పరిహారం ఉంది, శిక్షణ ఉంది. లేనిది ఇళ్లకు వెళ్లే మనిషి. ప్రాజెక్టు గడువుతో పోని జీతంతో, పట్టణానికి ఇద్దరేసి శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలను పెట్టడం ఆ నిధిలో చాలా చిన్న ఖర్చు. వాళ్లకు దరఖాస్తు పరిశీలన అప్పగించకూడదన్నది నా షరతు.

నానమ్మ ఇంకా ఆ ఫ్లాటులోనే ఉంది. చూపు తగ్గింది. వృద్ధులకు ఇంటికి వచ్చి చేసే సేవ ఆ పట్టణంలో లేదు. ఇటలీలో మరొకరి తల్లిని చూసుకుంటున్న కోడలు, అత్తగారికి వంట చేసి మందులు వేసేందుకు కింది అంతస్తులోని ఒక మహిళకు నెలకు 100 యూరోలు పంపుతోంది, అదే మినీబస్సులో. ఆ మహిళ సామాజిక సాయం మీద బతుకుతోంది. ఈ 100 యూరోలను దరఖాస్తులో రాయాలా అని ఆమె నన్ను అడిగింది. రాయాలని చెప్పాను. రాస్తే సాయం ఎంత తగ్గుతుందో కూడా లెక్క వేసి చూపించాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కోడలికి ఫోను చేసి 130 అడిగింది.